ఊరి రాళ్ళను చదివిన మనిషి: అలంపురం గడియారం రామకృష్ణశర్మ

చరిత్ర అనగానే మీకు మొదట గుర్తుకు వచ్చేది ఏమిటి? రాజుల పేర్లు, యుద్ధాల తేదీలు, పరీక్షలో ఐదు మార్కుల ప్రశ్న. ఆ పేర్లూ తేదీలూ మీ పుస్తకంలోకి ఎక్కడి నుంచి వచ్చాయో ఎప్పుడైనా ఆలోచించారా? విశ్వవిద్యాలయ ఆచార్యులు రాశారంటారు. నిజమే. అయితే ఆ ఆచార్యుల చేతికి ఆధారం అందించింది ఎవరు? చాలా సందర్భాల్లో ఏదో ఒక ఊళ్ళో ఉన్న ఏదో ఒక మనిషి. గుడి గోడ మీద సున్నం గీకి అక్షరాలు చూసినవాడు, బట్టలుతికే రాయిని తిరగేసి అది శాసనమని గుర్తుపట్టినవాడు, ఊరివాళ్ళు వేళాకోళం చేసినా వదలకుండా ఎండలో కూర్చుని రాసుకున్నవాడు.

ఈ ప్రసంగంలో మీకు అలాంటి ఒక మనిషిని పరిచయం చేస్తాను. ఆయన పేరు గడియారం రామకృష్ణశర్మ. 1919 మార్చి 6న పుట్టి, 2006 జూలై 25న కన్నుమూశారు. పుట్టింది అనంతపురం జిల్లాలో, చదువుకున్నది కర్నూలు ప్రాంతంలో. జీవించింది, పోట్లాడింది, పేరు తెచ్చుకున్నది మాత్రం అలంపురంలో. అందుకే ముందు ఆ ఊరి గురించి కొంచెం తెలుసుకోవాలి. ఊరు తెలియకుండా ఊరి చరిత్రకారుడు అర్థం కాడు.

కర్నూలు నుంచి తుంగభద్ర దాటి ఉత్తరానికి వస్తే అలంపురం ఎంతో దూరం ఉండదు. నది ఒడ్డున చిన్న ఊరు. కొద్ది దూరంలో కూడవెల్లి దగ్గర తుంగభద్ర కృష్ణలో కలుస్తుంది. ఇప్పుడు ఇది తెలంగాణలోని జోగులాంబ గద్వాల జిల్లాలో ఉంది. 2016 వరకు మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. శ్రీశైలానికి పడమటి ద్వారమని భక్తులంటారు. శాసనాల్లోనూ పాత గ్రంథాల్లోనూ హలంపురం, హేమలాపురం వంటి రూపాలు కనిపిస్తాయి.

ఈ చిన్న ఊళ్ళో తొమ్మిది పాత గుళ్ళున్నాయి. బాదామి చాళుక్యుల కాలంలో, అంటే క్రీ.శ. ఏడు, ఎనిమిది శతాబ్దాల్లో కట్టినవి. తారక, స్వర్గ, పద్మ, బాల, గరుడ, కుమార, అర్క, వీర, విశ్వ అనే పేర్లకు చివర బ్రహ్మ చేర్చి పిలుస్తారు. అన్నీ కలిపి నవబ్రహ్మలు. ఇక్కడే మొదటి చిక్కు. పేరు బ్రహ్మ, లోపల ఉన్నది శివలింగం! బ్రహ్మదేవుడు ఇక్కడ తపస్సు చేస్తే శివుడు ప్రత్యక్షమయ్యాడని స్థలపురాణం చెబుతుంది. రససిద్ధుడనే యోగి, విలసద్రాజు అనే రాజు ఉన్న కథ మరొకటి. రెండో చిక్కు కట్టడానిది. వీటిలో తారకబ్రహ్మ తప్ప మిగిలిన గుళ్ళ శిఖరాలు మన దక్షిణాది గోపురాల్లా మెట్లు మెట్లుగా ఉండవు. ఒడిశాలోనో మధ్యభారతంలోనో చూసినట్టు నునుపుగా వంపు తిరిగి పైకి వెళతాయి. దీన్ని నాగర పద్ధతి అంటారు. తెలుగు నేల మీద అంత పాత నాగర శిఖరాలు ఒకేచోట ఇన్ని చూడాలంటే అలంపురమే వెళ్ళాలి.

గుళ్ళ పక్కనే షా అలీ పహిల్వాన్ దర్గా ఉంది. ఉర్సు జరుగుతుంది. గుడికి వచ్చినవాళ్ళు దర్గాకూ వెళ్ళడం అక్కడ కొత్త సంగతి కాదు. ఊరి మ్యూజియంలో లజ్జాగౌరి శిల్పం ఉంది. తల ఉండవలసిన చోట పద్మం ఉన్న ఆ అమ్మవారికి పిల్లలు కావాలని మొక్కుకునే ఆచారం ఉండేది. ఇన్ని పొరలున్న ఊరికి చరిత్ర రాయడం తేలిక పని కాదని మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

ఇక మనిషి దగ్గరకు వద్దాం.

రామకృష్ణశర్మ తండ్రి జ్వాలాపతి, తల్లి సుబ్బమ్మ. సంప్రదాయ కుటుంబం. ఆయన సాహిత్యం, వ్యాకరణం నేర్చుకున్నది శతావధాని వేలూరి శివరామశాస్త్రి దగ్గర. ఈ సంగతి ముఖ్యమైనది. వేలూరివారు సంస్కృతాంధ్రాల్లో దిట్ట, కథలు కూడా రాసినవారు, గాంధీ మార్గం మీద గౌరవం ఉన్నవారు. అలాంటి గురువు దగ్గర చదివితే పాత విద్య మొత్తం వస్తుంది, దానితో పాటు కొత్త కాలం గాలి కూడా తగులుతుంది. శర్మగారి విషయంలో జరిగింది అదే. శ్లోకం చదివే నోటితోనే ఆయన పశుబలి తప్పన్నారు. అంటరానితనం తప్పన్నారు, వరకట్నం తప్పన్నారు, వితంతు వివాహాలు జరిపించారు. ఒక పల్లెటూళ్ళో, బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, ఆ రోజుల్లో ఇవన్నీ చేసిన మనిషి మీద ఊళ్ళో ఎన్ని మాటలు పడి ఉంటాయో మీరే ఊహించుకోండి.

అప్పుడు అలంపురం హైదరాబాదు సంస్థానంలో ఉంది. నిజాం పాలన. తుంగభద్ర అవతలి ఒడ్డు మద్రాసు రాజధానిలో ఉంది, అంటే బ్రిటిషు వారి కింద. నది దాటితే రాజ్యం మారేది. ఈ ఒడ్డున పై చదువులకూ కచేరీలకూ ఉర్దూ. తెలుగులో సభ పెట్టాలన్నా, గ్రంథాలయం తెరవాలన్నా అనుమతుల గొడవ. తెలంగాణంలో అసలు కవులే లేరని ఎవరో అన్నందుకు సురవరం ప్రతాపరెడ్డి 354 మంది కవుల రచనలను సేకరించి 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారని మీరు తెలుగు పాఠంలో చదివే ఉంటారు. ఆ ప్రతాపరెడ్డి పుట్టింది ఈ అలంపురం ప్రాంతంలోనే. ఇక్కడివాళ్ళకు చరిత్ర తీరిక సమయపు సరదా కాదు. "మీకు చరిత్ర లేదు, సాహిత్యం లేదు" అన్నవాళ్ళకు చెప్పవలసిన జవాబు.

శర్మగారు ఆ జవాబు చెప్పే పనిలో యువకుడిగా ఉన్నప్పుడే దిగారు. ఆంధ్రమహాసభ, గ్రంథాలయోద్యమం, తరువాత నిజాం వ్యతిరేక పోరాటం. సంస్థానం సరిహద్దు ఊళ్ళలో పనిచేసిన కార్యకర్తలకు కర్నూలు అండగా ఉండేది. అవసరమైతే నది దాటేవారు. 1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశంలో కలిసేనాటికి ఆయనకు ఇరవై తొమ్మిదేళ్ళు.

పోరాటం ముగిశాక చాలామంది రాజకీయాల్లోకి వెళ్ళారు, పదవులు పొందారు. శర్మగారు రాళ్ళ దగ్గరకూ పుస్తకాల దగ్గరకూ వెళ్ళారు. సుజాత పత్రికకు సంపాదకులుగా పనిచేశారు. 1953 జనవరిలో ఆంధ్ర సారస్వత పరిషత్తు సభలు అలంపురంలో జరిగాయంటే దానికి ముఖ్య కారకుడు ఆయనే. హైదరాబాదులో కాదు, వరంగల్లులో కాదు, నది ఒడ్డున ఉన్న ఆ చిన్న ఊళ్ళో. కాళోజీ నారాయణరావు "నా గొడవ" మొదటి సంపుటాన్ని శ్రీశ్రీ ఆవిష్కరించింది ఈ సభల్లోనే. వెయ్యేళ్ళ పైబడిన గుళ్ళ నీడలో అభ్యుదయ కవిత్వం! ఈ రెండూ ఒకచోట కుదరవని శర్మగారికి ఎప్పుడూ అనిపించినట్టు లేదు. నాకు ఆయనలో అన్నిటికంటె నచ్చేది ఇదే.

సభకు వచ్చినవాళ్ళు ఊరుకే పోతారా? గుళ్ళు చూస్తారు. చూసి వెళ్ళి పదిమందికి చెబుతారు. అలంపురం పేరు బయటి ప్రపంచానికి తెలియడంలో ఆ మూడు రోజుల పాత్ర ఎంతో ఉంది.

ఇప్పుడు అసలు పనిలోకి వెళదాం. శాసనం చదవడమంటే ఏమిటి? మీరు ఎప్పుడూ చేసి ఉండరు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

ముందు రాయి దొరకాలి. దొరికిన రాయి శుభ్రంగా ఉండదు. నూనె, పసుపు, సున్నం, నాచు పట్టి ఉంటుంది. మెత్తని కుంచెతో నీళ్ళు పోసి కడగాలి. ఇనుప వస్తువు తగిలితే అక్షరం పోతుంది. తరువాత తడిపిన దళసరి కాగితాన్ని రాయి మీద పరచి, కుంచెతో కొట్టి కొట్టి చెక్కిన గాడిలోకి కాగితం దిగేలా చేస్తారు. ఆపైన సిరా అద్దిన మెత్తని ఉండతో కాగితం మీద అద్దుతారు. పైకి ఉన్న భాగం నల్లబడుతుంది. అక్షరం ఉన్న పల్లం తెల్లగా మిగులుతుంది. దీన్నే ఎస్టాంపేజి అంటారు. కాగితం ఆరాక తీసి ఇంటికి తెచ్చుకుని, దీపం ముందు పెట్టుకుని ఒక్కొక్క అక్షరం కూడబలుక్కోవాలి. గాలి వీస్తే కాగితం చిరుగుతుంది, ఎండ ఎక్కువైతే ముందే ఆరిపోతుంది, పిల్లలు చుట్టూ మూగుతారు.

ఆ అక్షరాలు మీరు రాసే తెలుగు అక్షరాల్లా ఉండవు. తెలుగు, కన్నడ లిపులు ఇంకా విడిపోని రోజులవి. భాష కూడా ఒకటి కాదు. అలంపురం చుట్టుపక్కల సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషల శాసనాలూ ఉన్నాయి. ఎందుకంటే ఈ ప్రాంతాన్ని మొదట బాదామి చాళుక్యులు, తరువాత రాష్ట్రకూటులు, ఆ తరువాత కల్యాణి చాళుక్యులు ఏలారు. ముగ్గురి రాజధానులూ కన్నడ దేశం వైపే. వ్యాకరణం గట్టిగా వచ్చినవాడికి తప్ప ఈ పని సాగదు. వేలూరివారి దగ్గర నేర్చిన చదువు శర్మగారికి ఇక్కడ అక్కరకు వచ్చింది.

ఒక ఉదాహరణ చూడండి. అలంపురంలో చాళుక్య విజయాదిత్యుని శాసనం ఒకటి ఉంది. అందులో శకవర్షం 635 అని ఉంది. శకవర్షానికి 78 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. 635కు 78 కలిపితే 713. అంటే ఈనాటికి పదమూడు వందల ఏళ్ళు దాటాయి. రాజు ఆజ్ఞ మీద ఈశానాచార్యుడనే ఆచార్యుడు ఇక్కడ ప్రాకారం కట్టించాడని ఆ శాసనం చెబుతుంది. రాజుగారి పేరూ తేదీ పరీక్షకు చాలు. చరిత్రకారుడికి చాలదు. ప్రాకారం ఎందుకు? ఎవరి నుంచి రక్షణ? ఊరిని చూస్తే జవాబు కళ్ళ ముందే ఉంటుంది: పక్కనే తుంగభద్ర. వరద వస్తే ముందు తాకేది గుళ్ళనే. ఈ గోడ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

స్వర్గబ్రహ్మ ఆలయం మీది శాసనం వల్ల ఆ గుడి వినయాదిత్యుని కాలానిదని తెలుస్తుంది. ఆయన 681 నుంచి 696 వరకు పాలించాడు. ఇలా ఒక్కొక్క రాయీ ఒక్కొక్క మేకు. ఈ మేకులు లేకపోతే "ఎప్పుడో పూర్వకాలంలో" అనే మాట తప్ప మనకు ఏమీ మిగలదు. స్థలపురాణం గుడిని బ్రహ్మ కాలానికి తీసుకుపోతుంది, శాసనం రాజు కాలానికి దింపుతుంది. శర్మగారు భక్తులు. రోజూ పూజ చేసే మనిషి కూడా ఈ రెండింటినీ కలగలపకుండా రాయగలడని ఆయన చూపించారు. పురాణాన్ని వెక్కిరించలేదు, దాన్ని తేదీగా వాడుకోనూ లేదు.

ఆయన రాసినవాటిలో అలంపురం శిథిలాల మీది పుస్తకం ఉంది. మాధవ విద్యారణ్య అనే గ్రంథం ఉంది. అలంకారశాస్త్రం మీద, భారతదేశ చరిత్ర మీద కూడా రాశారు. పరిశోధన చేసే విద్యార్థులకు మాత్రం అన్నిటికంటె ఉపయోగపడేది తెలంగాణా శాసనములు రెండవ సంపుటం. హైదరాబాదులోని లక్ష్మణరాయ పరిశోధక మండలి మొదటి సంపుటాన్ని 1935లో ప్రచురించింది. పాతికేళ్ళ తరువాత, 1960లో, శర్మగారి సంపాదకత్వంలో రెండవది వెలువడింది. శాసన సంపుటం చదవడానికి రుచిగా ఉండదు. కథ ఉండదు. ఫలానా ఊరు, ఫలానా గుడి, ఫలానా రాయి, దాని మీద ఉన్న మాటలు. అంతే. కాని ఒకసారి అచ్చయిన శాసనం ఇక ఆ రాయి మీద ఆధారపడదు. రాయిని ఎవరైనా పగలగొట్టి ఇంటి పునాదిలో వేసుకున్నా, నీళ్ళలో మునిగినా, మాట మిగులుతుంది.

నీళ్ళలో మునగడం అన్నది ఊరికే అన్న మాట కాదు.

కృష్ణానది మీద శ్రీశైలం దగ్గర ఆనకట్టకు 1963లో జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు. విద్యుత్తు కావాలి, తరువాత సాగునీరు కావాలి. దేశానికి అవసరమే. అయితే ఆనకట్ట వెనుక నీరు ఎంత దూరం నిలుస్తుంది? కృష్ణ వెంట, తుంగభద్ర వెంట వెనక్కి వస్తే, కర్నూలు జిల్లాలోనూ మహబూబ్‌నగర్ జిల్లాలోనూ వందకు పైగా గ్రామాలు మునుగుతాయని లెక్క తేలింది. ఆ నీటి అంచున అలంపురం ఉంది. కూడవెల్లి సంగమం దగ్గరి సంగమేశ్వరాలయం ఉంది. అలంపురానికి కొంత దూరంలో నది పక్కన పాపనాశనం అనే చోట ఇరవైకి పైగా చిన్న గుళ్ళ గుంపు ఉంది, నవబ్రహ్మలకు తరువాతి కాలానివి.

ఇటువంటి సమస్య మన దేశంలో అది మొదటిసారి కాదు. నాగార్జునసాగర్ కట్టేటప్పుడు 1954 నుంచి 1960 వరకు నాగార్జునకొండ లోయను తవ్వి, దొరికిన కట్టడాల్లో కొన్నిటిని కొండ మీదికి తరలించారు. ఆ కొండ ఇప్పుడు జలాశయం నడుమ దీవి. ఈజిప్టులో అబూ సింబెల్ ఆలయాలను 1960లలో కోసి పైకి ఎత్తి పెట్టారు. కనుక గుడిని తరలించడం సాధ్యమేనని ప్రపంచానికి తెలుసు. కాని సాధ్యమైనది దానంతట అది జరగదు. ఎవరో ఒకరు పట్టుబట్టాలి. ఏ గుడి ఏ కాలానిది, ఎందుకు ముఖ్యం, ఏది పోతే మళ్ళీ దొరకదు అని అధికారులకు కాగితం మీద చూపించాలి. అలా పట్టుబట్టినవారిలో శర్మగారు ముందున్నారు. 1953లో ఊరికి కవులను రప్పించిన మనిషి ఇప్పుడు ఇంజనీర్లతో మాట్లాడవలసి వచ్చింది. అప్పటికి ఆయన వయసు అరవై.

తరలింపు ఎలా చేస్తారో తెలుసుకుంటే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. ముందు గుడిని అన్ని వైపుల నుంచి కొలుస్తారు, బొమ్మలు గీస్తారు, ఫోటోలు తీస్తారు. ప్రతి రాయికీ ఒక అంకె వేస్తారు. ఏ వరసలో ఎన్నోది, ఏ దిక్కుది అన్నది ఆ అంకెలోనే తెలియాలి. తరువాత పై నుంచి కిందికి విప్పుకుంటూ వస్తారు. శిఖరం, కప్పు, స్తంభాలు, గోడలు, పీఠం. కొత్త చోట పునాది వేసి, అదే అంకెల వరసలో కింది నుంచి పైకి కూర్చుతారు. పాతకాలపు గుళ్ళలో రాళ్ళ మధ్య సున్నం పెద్దగా ఉండదు. బరువుతో, పొందికతో నిలబడతాయి. కాబట్టి ఒక రాయి అంగుళం తప్పితే పై వరస మొత్తం తప్పుతుంది. 1980లలో కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని ఈ విధంగా విప్పి అలంపురానికి తెచ్చి మళ్ళీ నిలబెట్టారు. పాపనాశనం గుళ్ళను కూడా తరలించారు. నవబ్రహ్మ ఆలయాలను కదపలేదు. వాటికీ ఊరికీ అడ్డంగా నది వైపున పెద్ద గోడ కట్టారు. పదమూడు శతాబ్దాల కిందట ఈశానాచార్యుడు కట్టించిన ప్రాకారం గుర్తుందా? అదే ఊరు, అదే నది, మళ్ళీ ఒక గోడ.

ఇక్కడ నేను ఒక అప్రియమైన మాట చెప్పక తప్పదు. గుడి రాయికి అంకె వేసి, బండి మీద జాగ్రత్తగా తెచ్చి, అదే వరసలో పెట్టాం. మునిగిన ఊళ్ళ మనుషులకు అంత జాగ్రత్త దక్కలేదు. 1981లో ఎన్నో గ్రామాలను బలవంతంగా ఖాళీ చేయించారు. ఇళ్ళు కూలగొట్టారు. వచ్చిన పరిహారం సరిపోలేదని నిర్వాసితులు ఏళ్ళ తరబడి పోరాడారు. రాతిని కాపాడినందుకు శర్మగారిని తప్పు పట్టడానికి ఈ మాట చెప్పడం లేదు. ఆయన చేతిలో ఉన్నది ఆయన చేశారు. కాని కూడవెల్లి గుడి దగ్గర నిలబడి శిల్పాలు చూసేటప్పుడు, ఆ గుడిలో దీపం పెట్టిన ఊరివాళ్ళు ఎటు పోయారన్న ప్రశ్న మీకు రాకపోతే మీరు చరిత్ర సగమే చదివినట్టు. గుడి పక్కన వారి ఇళ్ళకూ ఒక అంకె వేసి, వారి పాటలకూ ఒక ఎస్టాంపేజి తీసినవాళ్ళు ఎవరూ లేకపోయారు. గ్రామ చరిత్రకారుడికి ఇది ఇంకా మిగిలే ఉన్న పని.

తరలించని వాటి గతి కూడా చూడండి. కర్నూలు వైపున, శ్రీశైలం జలాశయంలో సంగమేశ్వరం అనే మరొక క్షేత్రం ఉంది. పేర్లు ఒకేలా ఉన్నాయని కంగారు పడకండి, కూడవెల్లి గుడి వేరు, ఇది వేరు. ఇది ఏటా వానాకాలంలో మునిగిపోతుంది. వేసవి సమీపించి నీరు తగ్గాక మెల్లగా బయటపడుతుంది. ముందు శిఖరం కనిపిస్తుంది, తరువాత గోడలు, చివరికి ముంగిలి. అప్పుడు భక్తులు పడవల్లో వెళ్ళి పూజలు చేస్తారు. మళ్ళీ వరద వస్తుంది.

శర్మగారి జీవితంలో చివరి పెద్ద పని జోగులాంబ ఆలయం. పద్దెనిమిది శక్తిపీఠాల్లో ఐదవదిగా చెప్పుకునే అమ్మవారు. పాత గుడి పద్నాలుగో శతాబ్దంలో బహమనీ సేనల దాడిలో ధ్వంసమైందని, అమ్మవారి విగ్రహాన్ని తీసి బాలబ్రహ్మ ఆలయంలో దాచారని స్థానిక సంప్రదాయం. వందల ఏళ్ళు అమ్మవారు అక్కడే పూజలందుకుంది. సొంత గుడి మళ్ళీ కట్టాలన్నది ఊరివాళ్ళ కోరిక. దానికోసం శర్మగారు దశాబ్దాల పాటు తిరిగారు, రాశారు, అడిగారు. 2005లో కొత్త ఆలయం పూర్తయింది. అప్పటికి ఆయనకు ఎనభై ఆరేళ్ళు.

చరిత్రకారుడు కొత్త గుడి కట్టించవచ్చా? మీ తరగతిలో చర్చ పెడితే రెండు పక్షాలూ గట్టిగానే నిలబడతాయి. పాత పునాది మీద కొత్త కట్టడం లేస్తే కింద ఉన్న ఆధారం పోతుందని పురావస్తు శాస్త్రజ్ఞులు అంటారు. ధ్వంసం కథకు ఎంత శాసనాధారం ఉంది, ఎంత జనశ్రుతి అని అడగాలనీ అంటారు. అడగాలి కూడా. దాడిని చెప్పే నోటితోనే పక్కనున్న దర్గాకు మొక్కే ఊరి అలవాటునూ చెప్పాలి, లేకపోతే అది అలంపురం కథ కాదు. మరోవైపు, ఊరు బతికి ఉన్న ఊరు. అది మ్యూజియం కాదు. అమ్మవారు అక్కడివాళ్ళకు రాతి బొమ్మ కాదు. నా మట్టుకు నేను కట్టడం విషయంలో పురావస్తు శాఖవారి జాగ్రత్త వైపే మొగ్గుతాను. కాని ఊళ్ళోనే జీవించే చరిత్రకారుడు బయటి నుంచి వచ్చి వెళ్ళే చరిత్రకారుడిలా ఉండలేడని కూడా శర్మగారి వల్లే అర్థం చేసుకున్నాను. ఆయన సాయంత్రం అదే వీధిలో నడవాలి. అదే జనం పలకరిస్తారు.

వార్ధక్యంలో ఆయన ఆత్మకథ రాశారు. పేరు శతపత్రము. నూరు రేకుల తామర అని అర్థం. నూరు ఆకులు అనీ చెప్పుకోవచ్చు. ఆ పుస్తకంలో ఆయన ఒక్కరే ఉండరు. నిజాం కాలపు పల్లెటూళ్ళు, సరిహద్దు రాజకీయాలు, పండితులు, ఉద్యమకారులు, ఊరి తగాదాలు, అన్నీ ఉంటాయి. 2007లో దానికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. అప్పటికి ఆయన పోయి ఏడాది దాటింది.

2009 అక్టోబరు మొదటి వారంలో తుంగభద్ర ఎన్నడూ లేనంతగా పొంగింది. కర్నూలు పట్టణం మునిగింది. నది గోడ దాటి అలంపురంలోకి కూడా వచ్చింది, కొత్త జోగులాంబ గుడి దాకా నీరు చేరింది. వరద తీశాక బురద కడిగి మళ్ళీ దీపాలు పెట్టారు. నవబ్రహ్మ ఆలయాలు నిలిచే ఉన్నాయి.

మీరు అలంపురం వెళితే ముందు మ్యూజియానికి వెళ్ళండి, తరువాత గుళ్ళకు. శాసనం కనబడితే వేలితో అక్షరాలు రుద్దకండి. శకవర్షం ఎక్కడ ఉందో చూపించమని అక్కడివాళ్ళను అడగండి. చివరికి ఊరి అంచున సంగమేశ్వరాలయం దగ్గరకు వెళ్ళండి. నదులు కలిసే చోటి దేవుడని ఆయనకు ఆ పేరు. ఇప్పుడు ఆయన ఎదుట ఏ సంగమమూ లేదు. కూడవెల్లి దిక్కు ఎటని అడిగితే ఎవరో ఒకరు చెయ్యి చాపి చూపిస్తారు.